నెవేర్‌లో మోగని జాడీ

ఆ రోజుల్లో పెద్దవాళ్ళు ఏ పని చెప్పినా కాదనడం నాకు చేతనయ్యేది కాదు. దాన్ని నేను వినయం అనుకునేవాణ్ణి. మొహమాటానికీ వినయానికీ తేడా తెలియాలంటే మనిషికి కాస్త వయసు రావాలి, వీలైతే ఒక పెళ్ళి కూడా కావాలి. అప్పటికి నాకు రెండూ లేవు. ఇల్లినాయిలోని అరోరాలో, రైలు పట్టాల పక్కన ఉన్న అపార్ట్‌మెంట్‌లో, కరీంనగర్ నుంచి వచ్చిన ఒక రూమ్మేట్‌తో కలిసి ఉండేవాణ్ణి. మాస్టర్స్ అయిపోయింది, ఉద్యోగం దొరికింది, వీసా కూడా దొరికింది (ఈ మూడూ ఇదే వరసలో దొరకడం ఎంత అదృష్టమో ఇక్కడ చదువుకున్నవాళ్ళకు చెప్పక్కర్లేదు). ఇక దొరకాల్సింది ఒక్కటే మిగిలింది. మా తెలుగు చర్చిలో ఆదివారాలు కీబోర్డ్ వాయించే అమ్మాయి.

ఆ అమ్మాయి సంగతి చెప్పే ముందు వాళ్ళమ్మగారి సంగతి చెప్పాలి. ఆవిణ్ణి చర్చిలో అందరూ ఆవకాయ ఆంటీ అనేవాళ్ళు, ఆవిడ లేనప్పుడు. ఉన్నప్పుడు ఉత్త ఆంటీయే. ఆవిడది యానాం పక్కన ఇంజరం. యానాం ఒకప్పుడు ఫ్రెంచివాళ్ళ చేతిలో ఉండేది కనక, ఆ చుట్టుపక్కల ఇళ్ళలో మంచి వస్తువు ఏది కనపడ్డా అది ఫ్రెంచిదే అని చెప్పుకోవడం రివాజు. ఆంటీ వాళ్ళ అమ్మమ్మ ఇంట్లో నీలం పువ్వుల ఫ్రెంచి జాడీ ఒకటి ఉండేదట. అందులో పెట్టిన ఆవకాయ మూడో ఏడు కూడా ముక్క మెత్తబడకుండా ఉండేదట. అలాంటి వంశంలో పుట్టిన మనిషి అమెరికా వచ్చి ఖాళీ అయిన ఐస్‌క్రీమ్ డబ్బాల్లో ఆవకాయ పెట్టాల్సి వచ్చింది. ఆవిడ దాన్ని మనసులో పెట్టుకుంది. ఇక్కడి ఇండియన్ స్టోర్లలోనూ జాడీలు అమ్ముతారు గానీ, ఆవిడ వాటన్నిటినీ కొట్టి చూసి ఒక్కటీ పనికిరాదని తేల్చేసింది. మా పక్క స్టోర్‌లో అయితే, ఆంటీ లోపలికి వస్తే చాలు, షాపతను తన పని మానుకుని వచ్చి జాడీల వరస దగ్గర నిలబడేవాడు.

ఇంతలో మా ఆఫీసువాళ్ళు ఒక ప్రాజెక్టు పని మీద నన్నూ అక్కడే పనిచేసే నా రూమ్మేట్‌నీ కొన్ని వారాలకి పారిస్ పంపుతామన్నారు. ఆ శుక్రవారం ఆంటీవాళ్ళింట్లో కుటుంబ ప్రార్థన. పాస్టరయ్యగారు అలవాటు ప్రకారం ప్రార్థన అంశాలు అడిగారు. ఒకరి గ్రీన్ కార్డు, ఒకరి మోకాలు, ఒకరి అబ్బాయి మెడిసిన్ సీటు వచ్చాక నా ప్రయాణం వచ్చింది. అప్పుడు ఆంటీ మెల్లిగా గొంతు సవరించుకుని, ఫ్రాన్స్‌లో నెవేర్ అని ఒక ఊరుందట, నది ఒడ్డునేనట, వందల ఏళ్ళుగా ఆ ఊరివాళ్ళు జాడీలూ పళ్ళాలూ చేసుకునే బతుకుతున్నారట, మా అమ్మాయి ఫోన్‌లో చూపించింది అంది. అంతటితో ఊరుకోకుండా, బాబు వెళ్తున్నాడు కనక మంచి జాడీ ఒకటి దొరికేట్టు అందరూ ప్రార్థించండి అంది. అలా గ్రీన్ కార్డుకూ మోకాలికీ సమానంగా ఒక జాడీ దేవుడి సన్నిధికి చేరింది. పాస్టరయ్యగారు దాన్ని పేరుపెట్టి మరీ ప్రార్థించారు. అందరూ ఆమెన్ అన్నారు. అందరికన్నా గట్టిగా అన్నది నేనే.

ప్రార్థన అయ్యాక ఆంటీ నన్ను వంటింట్లోకి తీసుకెళ్ళి శిక్షణ ఇచ్చింది. ఇండియా నుంచి తెచ్చుకున్న చిన్న జాడీ ఒకటి గట్టు మీద పెట్టి, వేలు మడిచి కణుపుతో కొట్టింది. అది ఖంగుమంది. "ఇదిగో బాబూ, ఈ శబ్దం చెవిలో పెట్టుకో. ఖంగుమంటేనే జాడీ. టప్పుమందంటే ఎక్కడో కంటికి కనపడని పగులు ఉన్నట్టే. నూనె కారిపోద్ది, ఆవకాయ బూజు పట్టేస్తది. రంగు చూసి మోసపోమాక," అంది. తర్వాత నా చేత కొట్టించింది. కళ్ళు మూసుకుని వినమంది, మూసుకున్నాను. ఆవిడ చెప్పిన పని చేసి చూపిస్తే తర్వాత మనం చెప్పబోయే మాటకు బలం వస్తుందని నా లెక్క. పిల్లనివ్వమని అడగడానికి ముందు జాడీ తెచ్చివ్వడం ఎంతైనా మంచిది కదా. వెళ్ళేటప్పుడు గుమ్మం దగ్గర ఆ అమ్మాయి, "ప్రెటీగా ఉంటే ఫొటో పంపండి," అంది. జాడీ ఫొటోయే అడిగింది. నేను కారెక్కి ఇంటికి చేరేదాకా ఆ మాటకి వేరే అర్థాలు ఏమైనా ఉన్నాయేమోనని వెతుక్కున్నాను.

పారిస్ చేరాక మొదటి శనివారమే నెవేర్‌కి రైలెక్కాం. రూమ్మేట్ రానన్నాడు. పారిస్‌లో చూడాల్సినవన్నీ వదిలేసి జాడీ కోసం పోవుడేంది భయ్ అన్నాడు. నా పెళ్ళి దీని మీద ఆధారపడి ఉందని చెప్పాక మాత్రం ఇంకేమీ అనకుండా షూ వేసుకున్నాడు. వాడి మంచితనం అలాంటిది. దిగగానే ఊరు కనపడింది. వాలు మీద రాతి ఇళ్ళు, పైన పెద్ద చర్చి, కింద లోయిర్ నది. వంతెన మీద నిలబడి చూశాను. నీళ్ళు సన్నబడి, మధ్యలో ఇసుక తిన్నెలు తేలి, అచ్చం ఎండాకాలం మా ఊరి గోదావరే. వచ్చిన పని మరిచి వంతెన గోడ మీద మోచేతులు ఆనించాను. రూమ్మేట్ మాత్రం నది వైపు ఒకసారి చూసి, మా మానేరు గూడ గిట్లనే ఉంటది అని ఊరుకున్నాడు. నదుల విషయంలో ఎవరి పక్షపాతం వాళ్ళది.

మొదటి దుకాణంలో అడుగుపెట్టేసరికి కళ్ళు చెదిరాయి. గోడల నిండా నీలం. పళ్ళేలు, కూజాలు, మూత ఉన్న జాడీలు, వాటి మీద పక్షులు, పడవలు, గొర్రెలు కాసే పిల్లలు. ఆంటీ రంగు చూసి మోసపోవద్దంది కనక చూపు తిప్పుకుని సరాసరి పెద్ద జాడీ దగ్గరకు వెళ్ళి వేలు మడిచి కొట్టాను. టప్. పక్కది కొట్టాను. టప్. చిన్నది, పెద్దది, కిటికీలో ప్రదర్శనకు పెట్టింది, అన్నీ అంతే. ఒక్కటీ ఖంగుమనదు. దుకాణంలో ఉన్న అమ్మాయి మొదట నవ్వింది, తర్వాత నవ్వడం మానేసి నా వెనకే నడుస్తూ, నేను కొట్టిన ప్రతి జాడీనీ ఒక వేలు మందం జరిపి సరిగ్గా పెట్టసాగింది. రూమ్మేట్ దుకాణం బయటకొచ్చాక తన అభిప్రాయం చెప్పాడు: "మనల్ని జూసి పగిలినయే ముందల వెట్టిన్రు భయ్. మంచియి లోపల దాసుకుంటరు. మా ఊర్ల మామిడి పండ్లోడు గిట్లనే జేస్తడు."

ఈ మాట నాకు సబబుగానే తోచింది. రెండో దుకాణంలో లోపల ఉన్నవి చూపించమని సైగ చేశాను, చూపించారు. టప్. మూడోచోట కూడా టప్. మధ్యలో అక్కడి మ్యూజియంలోకి వెళ్ళాం గానీ, గాజు పెట్టెల్లో ఉన్నవాటిని కొట్టే వీలు లేదు (ఒక పెట్టె తలుపు కాస్త తెరిచి ఉండటం చూసి నేను అటు రెండడుగులు వేసిన మాట నిజమే, అక్కడున్న గార్డు కూడా రెండడుగులు వేశాడు). మధ్యాహ్నానికి నేను ఒక నిర్ణయానికి వచ్చాను. ఈ ఊళ్ళో వందల ఏళ్ళుగా జాడీలు చేస్తున్నారు, ఒక్కటైనా పగలకుండా చేయడం వీళ్ళకి రాలేదు. ఈ మాట ఒక మాస్టర్స్ డిగ్రీ ఉన్నవాడు, పూర్తి తెలివిలో ఉండి, మనస్ఫూర్తిగా అనుకున్నాడు.

చివరగా వెళ్ళింది ఒక వీధి మలుపులో ఉన్న చిన్న కార్ఖానా. ముందు దుకాణం, వెనక బట్టీ. నెరిసిన జుట్టు, మెళ్ళో గొలుసుకి వేలాడే కళ్ళజోడు ఉన్న ఒక పెద్దావిడ అక్కడ కుంచెతో పళ్ళెం మీద ఆకులు వేస్తోంది. నేను కొట్టడం మొదలుపెట్టాను. ఆవిడ వారించలేదు. కుంచె పక్కన పెట్టి, కళ్ళజోడు పెట్టుకుని, నేను కొట్టిన ప్రతిసారీ తను కూడా తల ఒక పక్కకి వంచి విన్నది. నేను పెదవి విరిస్తే లోపలికి వెళ్ళి ఇంకోటి తెచ్చింది. దాన్నీ కొట్టి పెదవి విరిచాను. ఇలా బల్ల నిండిపోయింది. నన్ను ఏ పెద్ద సంగ్రహాలయం నుంచో వచ్చిన నిపుణుడనుకుందని తర్వాత తెలిసింది. కిలో ఆవకాయ కూడా సొంతంగా కలపడం రాని నిపుణుణ్ణి.

ఆఖరికి ఆవిడ ఇంగ్లీషులో, మీరు దేనికోసం వింటున్నారు అని అడిగింది. ఖంగుమనడం కోసమని చెప్పడానికి నాకు ఇంగ్లీషు చాలక, బల్ల మీద ఉన్న ఇనుప గరిట తీసుకుని గ్లాసు మీద కొట్టి వినిపించాను.  ఆవిడ ఏమాత్రం వెక్కిరింపు లేకుండా చెప్పింది. తమ ఊరి మట్టి మెత్తనిదట, మరీ ఎక్కువ వేడి మీద కాల్చరట, అందుకని అది గంటలా మోగదట. "మోగిందంటే అది మాది కాదు," అంది. అంటే పొద్దున్నించీ నేను కొట్టిన జాడీలలో పగిలింది ఒక్కటీ లేదు. రూమ్మేట్ గోడకేసి తిరిగి ఒక పళ్ళెం మీది బొమ్మను చాలా శ్రద్ధగా చూడటం మొదలుపెట్టాడు. ఇంతకీ జాడీలో ఏం పెడతారు అని ఆవిడ అడిగింది. పచ్చి మామిడికాయ ముక్కలు, ఆవపిండి, కారం, ఉప్పు, నూనె, ఏడాదిపాటు అని చెప్పాను. డాక్టరు రోగి మాట విన్నట్టు వింది. "ఏడాదా?" అని ఒకసారి అడిగి నిర్ధారించుకుంది. ఉప్పూ పులుపూ జాడీ మీది ఈ మెరుగు పూతను తినేస్తాయని, మా జాడీల్లో దయచేసి ఆ పని చేయవద్దని, బిస్కెట్లు పెట్టుకొమ్మని చెప్పింది.

అక్కడితో నా పని అయిపోయినట్టే. నెవేర్‌లో ఆంటీకి కావలసిన జాడీ లేదు, ఎప్పుడూ లేదు. మర్యాదగా థ్యాంక్స్ చెప్పి బయటపడాలి. అలా వెనక్కి తిరుగుతుంటే తలుపు పక్కన అరలో ఒక జాడీ కనపడింది. ముదురు నీలం, దాని మీద తెల్లగా ఒక పక్షి, ఎవరో పిలిచినట్టు వెనక్కి తిరిగి చూస్తోంది. తీసి చేతుల్లో పట్టుకున్నాను. అంత బాగున్న వస్తువును అప్పటిదాకా నా జీవితంలో ఎప్పుడూ కొనుక్కోలేదు. మా ఇంట్లో వస్తువులన్నీ ఏదో ఒక అవసరానికి కొన్నవే. దానికేసి ఎంతసేపు చూశానో తెలియదు గానీ, కొట్టి చూడాలన్న ఆలోచన మాత్రం రాలేదు. కొనేశాను. ఆవిడ దాన్ని కాగితాల్లో చుడుతుంటే రూమ్మేట్ నా చెవిలో, "అది మోగదని గిప్పుడే జెప్పింది గదరా. ఎందుకు?" అన్నాడు. బాగుంది అన్నాను. "ఆంటీకి ఏం జెప్తవ్?" అన్నాడు. నేను చిల్లర లెక్కపెట్టుకోవడం మొదలుపెట్టాను.

జవాబు రైల్లో వాడే చెప్పాడు. జాడీ నా ఒళ్ళో ఉంది, కిటికీలోంచి ఇంకా నది కనపడుతోంది. "నిండుకుండ తొణకదంటరు గద. నిండ చాక్లెట్లు పోసి ఇయ్యి. లోపల సామాను ఉంటే ఏ జాడీ అయినా టప్పనే అంటది," అన్నాడు. ఆ క్షణంలో వాడంత మేధావి ప్రపంచంలో లేడనిపించింది. పారిస్‌లో దిగి మంచి చాక్లెట్లు కొని జాడీ మెడదాకా నింపాం. ఆ అమ్మాయికి ఫొటో పంపాను. "సో ప్రెటీ," అని వెంటనే జవాబు వచ్చింది. దాని వెనకే ఇంకోటి: "మమ్మీ అడుగుతుంది, మోగిందా?" చూద్దురుగాని అని రాసి ఫోన్ జేబులో పెట్టేసుకున్నాను.

అరోరా చేరాక వచ్చిన ఆదివారం, పాస్టరయ్యగారు ప్రకటనల్లో మా క్షేమప్రయాణానికీ, ఫ్రాన్స్ నుంచి వచ్చిన వస్తువుకీ కలిపి దేవునికి స్తోత్రం చెల్లించారు. ఆరాధన అయ్యాక హాల్లో ప్రేమవిందు. పులిహోర, కోడికూర, పెరుగన్నం ఉన్న బల్లకి ఒక చివర ఖాళీ చేసి జాడీ పెట్టారు. అందరూ చుట్టూ చేరారు. ఎంత బాగుందో అన్నారు. అమ్మాయి తల్లి పక్కనే నిలబడి ఆ పక్షిని చూస్తోంది. ఆంటీ మూత తీసింది. చాక్లెట్లు చూసి చాలా సంతోషించింది. వెంటనే సండేస్కూలు పిల్లలందరినీ పేరుపేరునా పిలిచి, దోసిళ్ళతో తీసి పంచిపెట్టేసింది. పిల్లలు మిడతల దండులా వచ్చి వెళ్ళారు. జాడీ అడుగు తళతళలాడుతూ కనపడింది. ఇక అందులో దాక్కోవడానికి చోటు లేదు. ఆంటీ వేలు మడిచింది.

టప్.

 ఆంటీ పైన కొట్టింది, కింద కొట్టింది, చెవి ఆనించి కొట్టింది. ఆవిడ భర్త, మా అంకుల్‌గారు కొట్టారు. గ్రీన్ కార్డు కోసం ప్రార్థన చేయించుకున్నాయన వచ్చి కొట్టాడు. నేను ఆ ఊరి మట్టి గురించి చెప్పాను, బట్టీ వేడి గురించి చెప్పాను. మోగితే అది వాళ్ళది కాదన్న మాట కూడా చెప్పాను. ఆంటీ కోప్పడితే బాగుండేది. ఆవిడ నా భుజం మీద చెయ్యి వేసి, "పోన్లే బాబూ. ఊరు ఊరంతా పగిలిన జాడీలు అమ్ముకుంటా, మా జాడీలు ఇంతే అని చెప్తే నువ్వు నమ్మేశావు. నీది మెత్తటి మనసు," అంది. తర్వాత పక్కావిడ వైపు తిరిగి, కాస్త తగ్గు గొంతుతో, మంచి కుర్రాడే పాపం అంది. ఆ పాపం అన్న మాట వినగానే నా పెళ్ళి తప్పిపోయిందని నాకు తెలిసిపోయింది. మనవాళ్ళు అల్లుడు కాబోయేవాణ్ణి నానా మాటలూ అంటారు గానీ పాపం అనరు. పులిహోర పళ్ళెం చేతిలో పట్టుకుని తినకుండా అలాగే నిలబడ్డాను. లోపల నిజంగా ఏడుపొచ్చింది.

పార్కింగ్ లాట్‌లో రూమ్మేట్ కారు తీసుకురావడానికి వెళ్ళాడు. నేను ఒక్కణ్ణే ఉన్నాను. ఆ అమ్మాయి జాడీని రెండు చేతులా పట్టుకుని వచ్చింది.

"మీకు షాప్‌లోనే తెలుసా, ఇది మోగదు అని?"

"తెలుసండి."

"మరి ఎందుకు కొన్నారు?"

ఆంటీ కోసమని చెబుదామనుకున్నాను. నోరు తెరిస్తే, "నాకు నచ్చింది," అని వచ్చింది.

ఆమె జాడీని తిప్పి పక్షిని తనవైపు పెట్టుకుంది. "నాకు కూడా నచ్చింది," అంది. "మీరు డాడీతో మాట్లాడండి. మమ్మీతో నేను మాట్లాడతాను."

"దేని గురించండి?" అన్నాను. (ఈ ప్రశ్న నేను అడిగానని ఒప్పుకోవడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది.)

ఆమె నవ్వలేదు. జాడీని నా చేతుల్లో పెట్టింది. "ఇది మీ దగ్గర ఉంచండి. మా ఇంట్లో ఉంటే మమ్మీ రోజూ కొడుతుంది. పెళ్ళి అయ్యాక మన ఇంట్లో పెడదాం," అని చెప్పి లోపలికి వెళ్ళిపోయింది. రూమ్మేట్ కారు తెచ్చి ఆపి హారన్ కొట్టాడు. నాకు వినపడలేదట. దిగి వచ్చి, నా మొహం చూసి, జాడీ పగిలిందా భయ్ అని అడిగాడు.

అప్పటి ఆవకాయ ఆంటీ ఇప్పుడు మా అత్తగారు. ఆవిడ ఒప్పుకోవడానికి ఇంకో రెండు ప్రార్థన కూటాలు పట్టాయి, అది వేరే కథ. మొన్నామధ్య ఒక సాయంత్రం మా ఆవిణ్ణి అడిగాను, ఆ రోజు జాడీ చూశాకే కదా నువ్వు నిశ్చయించుకున్నది అని. కాదంది. దానికి చాలా ముందేనట. ఆరాధన అయ్యాక అందరూ భోజనాల మీద పడితే, నేను ఒక్కణ్ణే హాల్లో కుర్చీలు మడిచి గోడకి ఆనించడం కీబోర్డ్ వెనక నుంచి చూస్తూ ఉండేదట. అప్పుడే అనుకుందట. మరి నన్ను ఫ్రాన్స్ దాకా జాడీ కోసం ఎందుకు పోనిచ్చావు అన్నాను. "నువ్వు అడగలేదు," అంది.

అంటే ఆ ఊరంతా తిరిగి నేను వేలు మడిచి మడిచి కొట్టుకుంటున్నప్పటికే నా సంగతి తేలిపోయిందన్నమాట. అప్పుడప్పుడు జాడీలు కొడుతూ తిరుగుతున్న ఆ కుర్రాడి దగ్గరకు వెళ్ళి, నాయనా, ఇంత అవస్థ అక్కర్లేదు, ఇంటికి వెళ్ళి అడిగెయ్ అని చెప్పాలనిపిస్తుంది. కానీ చెప్పను. చెబితే వాడు ఆ రైలెక్కడు. ఇసుక తిన్నెల మధ్య నది సాగిపోతుంటే, తనకి నచ్చిందన్న ఒక్క కారణంతో కొన్న వస్తువును మొదటిసారి ఒళ్ళో పెట్టుకుని, రేపటికి ఏం జవాబు చెప్పాలో తెలియకపోయినా, అంత సంతోషంగా కిటికీ పక్కన కూర్చోడు.